చింతగింజల లెక్క

నిరుడు సద్దుల బతుకమ్మకు తిరుమలగిరి వెళ్లాను. మా వైపు ఆడపిల్లలకు బతుకమ్మకు పుట్టింటికి వెళ్లడం ఒక హక్కు. ఆడపిల్ల అన్నానని నవ్వకండి. అరవై అయిదు దాటినా పుట్టింట్లో ఆడపిల్లే! సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద మా ఊరు. నేను పుట్టినప్పుడు అది నల్గొండ జిల్లా. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. జిల్లా మారింది గాని, బస్సు దిగగానే మొహాన కొట్టే దుమ్ము మాత్రం అదే.

ఇంటికి వెళ్లేసరికి వసారాలో నా మేనల్లుడు పాత పేపరు పరుచుకుని కూచున్నాడు. వీడు మా చిన్నాయన మనవడు. హైదరాబాదులో ఉద్యోగం. పండక్కి వారం రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. చేతిలో నేతగాళ్ల కండె లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క. దాని నడుముకు ఎర్రటి రాగితీగ చుడుతున్నాడు. పక్కన నులకమంచం మీద మా చిన్నమ్మ. ఆమెకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది గాని, వేళ్లకూ చెవులకూ ఏ లోటూ లేదు.

"ఎన్ని సుట్లురా?" అంది.

"నలభై, నానమ్మా."

"నలభై వందలా?"

"వందలు లేవు. ఉత్త నలభై."

చిన్నమ్మ నా వైపు తిరిగి, "చూసినవా బిడ్డా, వీడు నన్ను పిచ్చిదాన్ని చేస్తుండు" అంది.

వాడు చేస్తున్నది బతుకమ్మ పాటల మైకు సెట్టుకు కరెంటు అందించే పెట్టె. ఆంప్లిఫయరును వాడే కట్టాడు. దానికి కావలసిన పవర్ సప్లైని కూడా కొనకుండా ఇంట్లోనే తయారు చేస్తానని పంతం పట్టాడు. అది కూడా 'స్విచింగ్ పవర్ సప్లై' అట. ఈ మాట చూసి పేజీ తిప్పెయ్యకండి. ఆ వస్తువు మీ ఇంట్లో ఇప్పుడే మూడో నాలుగో ఉండి ఉంటాయి. మీ సెల్‌ఫోను చార్జరు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, దాని మీది చీమతలకాయంత అక్షరాలు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటు నూరు ఉన్నా, రెండు వందల నలభై ఉన్నా ఫోనుకు ఇవ్వవలసింది ఇస్తానని దాని పూచీ. ఆ పూచీ ఇవ్వగలిగేదే ఈ రకం సప్లై. కరెంటు ఎప్పుడు నూరుకు దిగుతుందో, ఎప్పుడు పైకి ఎగురుతుందో తెలియని ఊళ్లో పెరిగినదాన్ని కనక నాకు ఆ చిన్న అక్షరాలు చదివితే ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా చిన్నాయనకు ఊళ్లో రేడియోల రిపేరు దుకాణం ఉండేది. మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు కూడా. పెళ్లిళ్లకు, వినాయక చవితికి, ఎలక్షన్లకు, బతుకమ్మకు, అన్నిటికీ ఆయన మైకే. గాజు వాల్వులు వేసిన ఆంప్లిఫయరు అది. అందులో అసలు బరువంతా ట్రాన్స్‌ఫార్మరుదే. ఇనుప రేకుల కట్ట చుట్టూ రాగితీగ చుట్టిన ఇటుక లాంటి వస్తువు. రెండు కిలోల దాకా తూగేది. ఏటా ఒకసారైనా కాలిపోయేది. కొత్తది కావాలంటే హైదరాబాదు వెళ్లాలి. బస్సు చార్జీ, దాని ధర, ఒక పూట అద్దె పోవడం, ఇవన్నీ లెక్క వేసుకుని, తీగ మాత్రం తెప్పించుకుని ఇంట్లోనే చుట్టేవారు.

చుట్టేవారు అన్నాను గాని, చుట్టింది చిన్నమ్మ. పీటకు ఒక చేతి డ్రిల్లును బిగించి, దాని మూతికి కండె తగిలించి, ఆమె పిడి తిప్పేది. చిన్నాయన ఎదురుగా కూచుని తీగ జారకుండా పట్టేవాడు. 230 వోల్టుల వైపు తొమ్మిది వందల చుట్లకు పైన. వాల్వులకు కావలసిన పెద్ద వోల్టేజీ వైపు రెండు వేల పైచిలుకు. మొత్తం మూడు వేల దాటు. వంద అయినప్పుడల్లా పళ్లెంలో ఒక చింతగింజ. తొమ్మిది గింజలయ్యాక కాస్త ఊపిరి. మధ్యలో పొయ్యి మీద అన్నం అడుగంటినా లేచేది కాదు. ఇరుగమ్మ వచ్చి "ఏం చేస్తున్నవు వదినా?" అంటే తల ఊపేదే గాని నోరు విప్పేది కాదు. నోరు విప్పితే లెక్క పోతుంది. లెక్క పోతే మళ్లీ మొదటి నుంచి. దుకాణం బోర్డు మీద పేరు చిన్నాయనది. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు ఎవరు చుట్టారో ఆ మైకులో ప్రసంగాలు చేసిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ తెలియదు.

మరి అలాంటి మనిషికి "ఉత్త నలభై" అంటే ఎలా మింగుడుపడుతుంది?

నేనూ నమ్మలేదు. ఎందుకని వాణ్ని అడిగాను. వాడు నన్ను బావి దగ్గరికి తీసుకుపోయినట్టు చెప్పాడు. "అత్తమ్మా, గోలెం నిండడానికి నువ్వు యాభై సార్లే తిరుగుతానంటే పెద్ద బిందె కావాలి. యాభై వేల సార్లు తిరుగుతానంటే చిన్న గిన్నె చాలు. గోలెం మాత్రం అంతే నిండుతుంది."

విషయం అంతే. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కొక్క ఊపుకు కొంత శక్తిని ఒక చుట్టలోంచి తీసుకుని రెండో చుట్టకు అందిస్తుంది. ఊపులు తక్కువ కనక ఒక్కో ఊపు బరువెక్కువ. దాన్ని మొయ్యడానికి అంత ఇనుము, అన్ని చుట్లు. అదే కరెంటును సెకనుకు 50 వేల సార్లు తుంచి పంపితే, ఒక్కో తునక చాలా చిన్నది. పిడికిట్లో పట్టే ట్రాన్స్‌ఫార్మరు, నలభై చుట్లు సరిపోతాయి. ఇలా తుంచి తుంచి పంపడమే 'స్విచింగ్'. మన గోడ మీది స్విచ్చే. కాకపోతే సెకనుకు యాభై వేల సార్లు వేసి తీసే స్విచ్చి.

ఇది విని నాకు ఎప్పుడో చిన్నప్పుడు చిన్నాయన దుకాణంలో చూసిన ఒక తగరపు డబ్బీ గుర్తుకొచ్చింది.

అప్పట్లో మా ఊళ్లలో కరెంటు ఎక్కడిది? అంతకు ముందు నిజాం కాలంలో రేడియో అంటే ఏ సావుకారు ఇంట్లోనో ఒకటి. హైదరాబాదులో 1933లో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా పెట్టిన రేడియో స్టేషన్ను నిజాం ప్రభుత్వం 1935లో తీసుకుని దక్కన్ రేడియో చేసింది. 1948 సెప్టెంబరు 17న నిజాం మైకు ముందుకొచ్చి మాట్లాడింది ఆ రేడియోలోనే. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదులో మాట్లాడితే ఇక్కడ వినాలంటే వాల్వు సెట్టు కావాలి. వాల్వులకు వందకు పైన వోల్టులు కావాలి. సావుకారు దగ్గరున్నదేమో మోటారు కార్లలో వాడే ఆరు వోల్టుల బ్యాటరీ. అది డిశ్చార్జి అయితే బండి మీద జనగామ పంపి చార్జి చేయించేవాడని మా తాతయ్య చెప్పేవాడు.

ఆరును నూట యాభై ఎలా చేస్తారు? ట్రాన్స్‌ఫార్మరుతో చెయ్యవచ్చు గాని, బ్యాటరీ కరెంటు ట్రాన్స్‌ఫార్మరులో పని చెయ్యదు. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతి అది: మొదటి చుట్టలో కరెంటు మారితేనే రెండో చుట్టలో కరెంటు పుడుతుంది. బ్యాటరీ కరెంటు చెరువు నీళ్లలా కదలకుండా ఉంటుంది. 1836లో ఐర్లండులో మేనూత్ కాలేజీలో పాఠాలు చెప్పే నికొలస్ కాలన్ అనే ఫాదరీ దీనికి ఉపాయం పట్టాడు. బ్యాటరీ తీగను అంటించడం, తియ్యడం, మళ్లీ అంటించడం, తియ్యడం. చెరువులో చేత్తో కొట్టి అలలు లేపినట్టు. నూరేళ్ల తర్వాత, 1930లలో, అమెరికాలో కారు రేడియోలు వచ్చినప్పుడు ఆ ఉపాయాన్నే అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బీలో పెట్టారు. లోపల ఒక సన్నటి స్ప్రింగు రేకు. సెకనుకు వంద సార్లకు పైగా కొట్టుకుంటూ కరెంటును తుంచేది. దాన్ని వైబ్రేటరు అనేవారు.

సావుకారు రేడియో చివరికి పాత సామానుగా చిన్నాయన దగ్గరికి చేరింది. నాకప్పుడు పదేళ్లుంటాయి. ఆయన బ్యాటరీ తగిలించి డబ్బీని నా చెవి దగ్గర పెట్టాడు. లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు 'జుంయ్' మని రొద. తర్వాత డబ్బీ కోసి చూపించాడు. రేకు మొనలు కాలి నల్లబడి ఉన్నాయి. "ఇది కొట్టుకుని కొట్టుకుని ఇట్లనే సస్తది" అన్నాడు. అంటే మా మేనల్లుడు ఇంజనీరింగు చదివి చేస్తున్న పని, ఆ తుమ్మెద చేసిన పనే. తుమ్మెద వందసార్లు చేస్తే వీడి యంత్రం యాభై వేల సార్లు చేస్తుంది. అరిగిపోయే రేకు బదులు అరగని ట్రాన్సిస్టరు పెట్టుకున్నాడు. 1947 డిసెంబరులో అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌లో బార్డీన్, బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టరును పని చేయించి ఉండకపోతే ఇదంతా తుమ్మెద దగ్గరే ఆగిపోయేది.

కరెంటు వచ్చాక మాకు రెండు కొత్త బాధలు కూడా వచ్చాయి. ఒకటి రొద. వాల్వు మైకు ఆన్ చేసి వాల్వులు వేడెక్కగానే 'గుంయ్' మని ఒక శ్రుతి మొదలయ్యేది. ఊగే కరెంటును ఒకే వైపు పారేట్టు మలిచినప్పుడు సెకనుకు వంద గుట్టలు వస్తాయి. గుట్టల మధ్య పల్లాలను కండెన్సరు పూడ్చాలి. కండెన్సరు ముసలిదైతే పూడ్చలేదు. ఆ వంద గుట్టలూ స్పీకర్లోంచి వినబడతాయి. మనిషి చెవికి ఇంచుమించు ఇరవై నుంచి ఇరవై వేల దాకా వినబడుతుంది కనక, ఈ వంద మన చెవికి చిక్కిపోతుంది. మా వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది చిన్నమ్మే. ఆమె గొంతు కింద ఎప్పుడూ ఆ 'గుంయ్' ఉండేది. మాకది హార్మోనియం శ్రుతిలా అలవాటైపోయింది. మైకు పని చేస్తున్నదనడానికి గుర్తే అది.

రెండోది లో-వోల్టేజీ. సాయంత్రమైతే బావుల దగ్గర మోటర్లు, ఇళ్లలో బల్బులు అన్నీ ఒకేసారి. బల్బులో తీగ నిప్పుకణికలా ఎర్రగా కనబడేది. ఇనుప ట్రాన్స్‌ఫార్మరుకు సొంత బుద్ధి లేదు. 230 వస్తే దాని లెక్కన ఇస్తుంది, 160 వస్తే ఆ నిష్పత్తిలోనే తగ్గించి ఇస్తుంది. సరిగ్గా బతుకమ్మలను చెరువుకు తీసుకుపోయే వేళకు పాట నీరసించిపోయేది.

హైదరాబాదులో 1967లో ఈ.సి.ఐ.ఎల్. వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు దాన్ని నిలబెట్టారు. ఎ.ఎస్. రావు నగర్ అని రోజూ బస్సెక్కేవాళ్లలో ఎంతమందికి ఆ ఎ.ఎస్. రావు ఎవరో తెలుసో! 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికావాళ్ల ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని మన దేశంలో పల్లెలకు టెలివిజన్ చూపించారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు పెట్టుకున్నారు. మన పక్క మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కూడా అందులో ఉన్నాయి. కోళ్ల జాలీతో చేసిన గొడుగంత ఆంటెన్నా, కింద ఈ.సి.ఐ.ఎల్. చేసిన టీవీ. చిన్నాయన అటువైపు చుట్టాలున్నారని వంక పెట్టి వెళ్లి చూసి వచ్చాడు. అందరూ బొమ్మ చూస్తే ఆయన వెనక మూత చూశాడట! వచ్చాక చిన్నమ్మతో చెప్పింది బొమ్మల సంగతి కాదు. "వోల్టేజీ పడితే బొమ్మ గుంజుకపోతుందే. ఎంత గొప్పది చేసినా తిండి సరిగ్గా లేకపోతే అంతే" అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో దేశంలో ఇంకొకాయన ఇంట్లో కూచుని ఆ తిండి సంగతే చూస్తున్నాడు. అమెరికాలో రాబర్ట్ బోషర్ట్ అనే ఆయన ఉద్యోగం మానేసి, 1974లో తన వంటింటి బల్ల మీద స్విచింగ్ సప్లైలు కట్టడం మొదలుపెట్టాడు. ఈ పద్ధతి అంతకు ముందు లేకపోలేదు గాని, ఖరీదైన యంత్రాల్లో ఉండేది. ఆయన దాన్ని చవక చేశాడు. వంటిల్లు అని చదవగానే నాకు మా పీట, డ్రిల్లు, చింతగింజలు కళ్ల ముందు కదిలాయి. ఆ బల్ల మీద అన్నం పెట్టుకోలేక ఆయన ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో ఏ పుస్తకంలోనూ రాయరు కదా! 1976లో రాబర్ట్ మమ్మానో ఆ తుంచే పనిని అదుపు చేసే తెలివినంతా ఒక చిన్న చిప్పులో పెట్టాడు. మా వాడి పెట్టెలో ఉన్న 3525 చిప్పు ఆ వంశంలోదే. 1977లో వచ్చిన ఆపిల్-2 కంప్యూటరులో రాడ్ హోల్ట్ కట్టిన స్విచింగ్ సప్లై ఉంది. మన దేశంలో 1982లో రంగుల టెలివిజన్ మొదలయ్యాక వచ్చిన సెట్లతో అది మన ఇళ్లలోకి కూడా దూరింది. ఫ్రిజ్ పక్కన 'టక్ టక్' మనే స్టెబిలైజరు డబ్బా లేకుండా టీవీ నడవడం మొదలైంది అందుకే.

పాటల యంత్రాలకు మాత్రం దీన్ని చాలా కాలం నమ్మలేదు. 1970ల చివర్లో జపానులో సోనీవాళ్లు ఆంప్లిఫయర్లలో పెట్టి చూపించినా, సంగీతప్రియులు ఇనుప ట్రాన్స్‌ఫార్మరునే పట్టుకుని వేలాడారు. తుంచే చోట చప్పుడు పుట్టకుండా ఉండదని వాళ్ల అనుమానం. అది నిజమే కూడా. యాభై వేలు మన చెవికి అందదు గాని, ఆ గరగర తీగల వెంట పాకి ఎక్కడెక్కడికో పోతుంది. మా వాడు దాన్ని పట్టడానికి చిన్నమ్మ పాత ట్రాన్సిస్టరు రేడియో అడిగి తీసుకుని, ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, పెట్టె చుట్టూ తిప్పాడు. తేనెటీగల తుట్టె దగ్గర పెట్టినట్టు అరిచింది. కరెంటు లోపలికి వచ్చే గుమ్మం దగ్గర రెండు చిన్న చుట్టలు, రెండు కండెన్సర్లు పెట్టి ఆ నోరు చాలావరకు నొక్కాడు.

ఇక ఆ నల్లటి ముక్క సంగతి. ఇనుము ఇంత వేగానికి తట్టుకోదు, తనే వేడెక్కిపోతుంది. అందుకని ఫెర్రైటు. ఇనుప తుప్పు పొడిలో మాంగనీసు, జింకు లాంటివి కలిపి, అచ్చులో నొక్కి, ఆవంలో కుండలు కాల్చినట్టు కాల్చినది. 1930లో టోక్యోలో కాటో, టకెయ్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. దాన్ని అమ్మడానికే 1935లో టి.డి.కె. కంపెనీ పుట్టింది. ఒకప్పుడు మనందరం పాటలు రికార్డు చేసుకున్న క్యాసెట్ల మీద ఉన్న పేరే. తుప్పు నుంచి ఇంత పని వస్తుందని తెలిస్తే మా ఇంటి వెనక ఉన్న పాత కొడవళ్లకు ఎంత గౌరవం ఇచ్చేవాళ్లమో!

వాడి లెక్క నాకు అర్థమైనంత వరకు చెబుతాను. 230 వోల్టుల కరెంటును ముందే ఒకవైపు పారేట్టు చేసి కండెన్సర్లలో నింపితే 325 వోల్టుల దాకా నిలుస్తుంది. అందులో సగం సగంగా రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా తుంచి నలభై చుట్ల మీదికి పంపుతాయి. ఆంప్లిఫయరుకు కావలసింది ప్లస్ 35, మైనస్ 35 వోల్టులు. మామూలు రోజున తొమ్మిది చుట్లు చాలు. కాని వీడు మా ఊరి సాయంత్రాలను తలుచుకుని పదమూడు, పదమూడు పెట్టాడు. కరెంటు 170కి పడినా 35 రావాలి. మరి నిండుగా వచ్చినప్పుడు ఎక్కువైపోదూ? అక్కడే దాని బుద్ధి. ఎక్కువ వస్తే స్విచ్చి తెరిచి ఉంచే కాలం తగ్గిస్తుంది, తక్కువ వస్తే పెంచుతుంది. పాలు పొంగుతుంటే మనం మంట తగ్గించినట్టు. పాటలో డప్పు దెబ్బ పడగానే ఒక్కసారిగా కరెంటు కావాలి కదా, దానికోసం బయటి వైపు పెద్ద కండెన్సర్లు పెట్టి కొంత నిలవ చేశాడు.

మూడో రోజు మీటరు పెట్టి చూస్తే ప్లస్ వైపు 35 సరిగ్గా ఉంది. మైనస్ వైపు 38. వాడు డయోడ్లు మార్చాడు, చిప్పు మార్చాడు, ఫోనులో స్నేహితుల్ని అడిగాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడు కూడా అదే వరస. చిన్నమ్మ మంచం మీది నుంచి, "సుట్లు లెక్కవెట్టినవారా?" అంది.

"పెట్టిన నానమ్మా."

"విప్పి ఇటియ్యి."

వాడికి ఇష్టం లేదు, అయినా విప్పాడు. చిన్నమ్మ కండెను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలి గోరుతో ఒక్కొక్క చుట్టూ తడిమింది. ఒకవైపు పదమూడు. రెండోవైపు పద్నాలుగు! 35ను పదమూడు చేత భాగించి పద్నాలుగు చేత గుణించండి, 38కి దగ్గరగా వస్తుంది. వాడు నోరెళ్లబెట్టాడు. ఆ రెండో వైపు చుడుతున్నప్పుడు నేనే పక్కన కూచుని, ఎదురింటివాళ్ల అమ్మాయి పెళ్లి సంగతి గుచ్చి గుచ్చి అడిగాను. ఆ ఒక్క చుట్టు నా మాటలదే. చిన్నమ్మ ఏమీ అనలేదు. వాడు మళ్లీ చుడుతున్నంతసేపూ నన్ను వంటింట్లోకి పంపించింది.

ఆమెకు అసలు భయం లెక్క గురించి కాదు. 1970లలో ఒకసారి చిన్నాయన ఆంప్లిఫయరు ప్లగ్గు పీకేసి, కరెంటు లేదు కదా అని లోపల చెయ్యి పెట్టాడు. కండెన్సరులో నిలవున్న కరెంటు ఆయన్ను గోడకు విసిరింది. కుడిచేతి రెండు వేళ్లు నల్లగా కాలాయి. నెల రోజులు టంకపు కడ్డీ పట్టలేదు. ఆ నెల దుకాణంలో టంకాలు పెట్టింది చిన్నమ్మే. ఆ పెట్టెలో 325 వోల్టులు నిలవుంటాయని వాడు గొప్పగా చెప్పినప్పుడు ఆమె మొహం ఎలా అయిపోయిందో నేను చూశాను.

"ప్లగ్గు తీసినంక ఎంతసేపు ఉంటది?" అంది.

కండెన్సర్ల మీద రెసిస్టర్లు పెట్టాననీ, అవి నిమిషం రెండు నిమిషాల్లో దాన్ని ఖాళీ చేస్తాయనీ, అయినా తను మీటరు పెట్టి చూడకుండా చెయ్యి పెట్టననీ వాడు చెప్పాడు.

"నీ సంగతి సరే. మైకు పట్టుకునేది ఆడోళ్లురా. బతుకమ్మలను నీళ్లల్ల ఇడిసి, తడి చేతులతోని, తడి కాళ్లతోని పట్టుకుంటరు. అది ఇనుప మైకు."

వాడు అప్పుడు ట్రాన్స్‌ఫార్మరును ఆమె చేతిలో పెట్టి, గోడ కరెంటు వైపు చుట్లకూ, మైకు వైపు చుట్లకూ మధ్య ఉన్న మూడు పొరల టేపును తడిమించాడు. బోర్డు మీద ఆ వైపుకూ ఈ వైపుకూ మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల ఎడం, ఏ తీగా దాటదు. మరి బయట 35 ఉందో లేదో లోపలి చిప్పుకు ఎలా తెలుస్తుంది? మధ్యలో ఒక చిన్న నల్ల గింజ. దానిలో ఒక పక్క దీపం, ఇంకో పక్క కన్ను. తీగ కలవకుండా వెలుగుతోనే కబురు పోతుంది. చిన్నమ్మ ఆ గింజను వేలితో రెండుసార్లు తాకింది. "మంచిగనే ఉంది. పెట్టెకు ఎర్తు తీగ కూడా కట్టు" అంది.

మొదటిసారి కరెంటు ఇవ్వడానికి చిన్నాయన పాత సీరీస్ బోర్డు తీశారు. చెక్క మీద ఒక హోల్డరు, ఒక ప్లగ్గు. గోడకూ పెట్టెకూ మధ్య నూరు వాట్ల బల్బు. లోపల ఎక్కడైనా తప్పు ఉంటే కరెంటంతా బల్బు మింగుతుంది, పెట్టె పేలదు. దీనికి తీగ బల్బే కావాలి, ఎల్.ఇ.డి. పనికిరాదు. ఊళ్లో మూడు దుకాణాలు తిరిగినా తీగ బల్బు దొరకలేదు. చివరికి చిన్నమ్మ తన ట్రంకు పెట్టె తెరిపించి, పాత పట్టుచీర మడతల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. ఎందుకు దాచిందో నేను అడగలేదు.

స్విచ్చి వేశాడు. బల్బు ఒక్కసారి భగ్గుమంది. నేను చిన్నమ్మ భుజం పట్టుకున్నాను. భగ్గుమన్న బల్బు మెల్లగా దిగి, ఎర్రటి దారమై, ఆరిపోయింది. కండెన్సర్లు నిండాయి, లోపల తప్పేమీ లేదు. "ఆరిందా?" అంది చిన్నమ్మ. "ఆరింది." "అయితే బతికింది."

సద్దుల రోజు సాయంత్రం చెరువు కట్ట మీద మైకు పెట్టారు. పెట్టెను వాడు నీళ్లకు దూరంగా, ఎత్తు మీద, మేకుకు తగిలించాడు. వరసగా తంగేడు, గునుగు బతుకమ్మలు. ముందు పాట ఎత్తుకోమని చిన్నమ్మకు మైకు ఇచ్చారు. వాడు అటునుంచి చెయ్యి ఊపాడు. ఆమె మైకును చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది. తర్వాత వేలితో దాని తల మీద కొట్టింది. కట్ట పొడవునా 'టప్ టప్' మని వినబడింది. అయినా ఆమె మొహంలో నమ్మకం లేదు.

"గుంయ్ మంటలేదేందిరా? బందయిందా?" అన్నది. ఆ మాట చెరువు అవతలి గట్టు దాకా వినబడింది.